మడ అడవికి కాపరులెవరు?



మాది నూజెండ్ల. పల్నాటి మెట్ట ప్రాంతం, సముద్రం ఛాయలు లేని చోటు. అయినా సంత రోజున ఎండు రొయ్యల వాసన మా వీధిదాకా వచ్చేది. గోంగూరలో గుప్పెడు రొయ్యపొట్టు వేస్తే ఎంత రుచో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రొయ్య ఎక్కడ పెరిగిందో మాత్రం మనం అడగం.

చాలా రకాల రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు మాత్రం నది సముద్రంలో కలిసేచోట, ఉప్పునీటి చెట్ల వేళ్ళ మధ్య పెరుగుతాయి. అవే మడ అడవులు. గోదావరి ముఖాన కోరంగి దగ్గర, కృష్ణ ముఖాన నాగాయలంక, నిజాంపట్నం వైపు ఉన్నాయి. ఉప్పెన వచ్చినప్పుడు దాని ఉరవడిని ముందుగా కాచుకునేవీ ఆ చెట్లే.

ఈ అడవి పాడైపోతుంటే పల్లెవాళ్ళనే, అందులోనూ కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళనే అన్నారు. అది పూర్తిగా అబద్ధమని నేననను. కాని పెద్ద దెబ్బ మరొకటి. పూర్వం అటవీశాఖవారే అడవిని కూపులుగా విభజించి, ఒక్కొక్క కూపును మొదలంటా నరికించేవారు. నీడ పోయాక నేల ఎండకు మాడి, తేమ ఆరి, బురద కుంగి, పళ్ళెంలాగా గుంటపడింది. పోటుకు లోపలికి వచ్చిన నీరు ఆటుకు వెనక్కి పోలేదు. నిలిచిన నీళ్ళు ఇగిరి ఉప్పు పేరుకుంది. అంత ఉప్పుకు ఉప్పునీటి చెట్టు కూడా బ్రతకదు.

1996 తరువాత ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, పల్లెవాళ్ళు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఒక పని మొదలుపెట్టారు. చేప ముల్లు చూశారు కదా? మధ్య ఒక పెద్ద ముల్లు, అటూ ఇటూ ఏటవాలుగా చిన్న ముళ్ళు. అదే వాలకంలో కాలువలు తవ్వారు. పోటుకు నీరు ఎక్కుతుంది, ఆటుకు దిగుతుంది, ఉప్పు కడుక్కుపోతుంది. ఆపైన తెల్లమడ వంటి మొక్కలు నాటారు. నీరు ఏ వైపునుంచి ఎక్కుతుందో, ఎక్కడ నిలుస్తుందో పడవ నడిపేవాడికి తెలిసినట్లు ఆఫీసులోని పటానికి తెలియదు. అందుకే పల్లెల్లో వనసంరక్షణ సమితులు, అభయారణ్యం పక్కనైతే పర్యావరణ అభివృద్ధి కమిటీలు పెట్టారు. ఇంటికొక మగ, ఒక ఆడ సభ్యులుగా ఉండాలన్నారు. 1997 చట్టంతో సాగర్ కాలువల కింద రైతులకు నీటి సంఘాలు వచ్చాయి చూడండి, ఆ తీరే అనుకోండి.

ఇక్కడే ఒక పేచీ ఉంది. కాలువ ఒకసారి తవ్వితే సరిపోదు. ఒండ్రు పూడుతుంది, మళ్ళీ మళ్ళీ తీయాలి. కూలి డబ్బులున్నన్నాళ్ళు అందరూ వస్తారు. అవి ఆగాక కూడా రావాలంటే ఆ అడవిలో పల్లెకు ఏదో ఒక హక్కు ఉండాలి. పీతలు పట్టుకోవడానికి అడ్డు ఉండకూడదు. ఎండు కట్టె ఎవరు ఎంత తెచ్చుకోవచ్చో వాళ్ళూ కూర్చుని తేల్చుకోవాలి. తవ్వకానికి పిలిచి, కట్టెమోపు కనబడగానే కేసు రాస్తే అది కలిసి కాపాడటం ఎలా అవుతుంది?

ఇంటికొక ఆడమనిషి అని కాగితం మీద రాసుకోవడం కూడా సులభమే. చేపలమ్మే ఆవిడ తెల్లవారకముందే గంప ఎత్తుకుని రేవుకు, అక్కడినుంచి బజారుకు పోతుంది. పదిగంటలకు మీటింగు పెడితే రిజిస్టరులో ఆమె పేరు మాత్రమే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు పెట్టి చూడమనండి. కట్టెల సంగతీ, పీతల సంగతీ ఆవిడే చెబుతుంది.