చిన్నపేగు గోడ: కణం నుంచి అవయవ వ్యవస్థ వరకు

కణాలు కలిసి కణజాలం, కణజాలాలు కలిసి అవయవం, అవయవాలు కలిసి అవయవ వ్యవస్థ ఏర్పడతాయని మీరు ముందు పాఠాల్లో చదివారు. పరీక్షలో నిర్వచనం రాయడానికి ఆ వాక్యం చాలు. అయితే ఒక స్థాయిలో వచ్చిన మార్పు మిగిలిన స్థాయిలను ఎలా ప్రభావితం చేస్తుందో తెలిసినప్పుడే శరీరధర్మశాస్త్రం అర్థమవుతుంది. ఈ భాగంలో చిన్నపేగును ఉదాహరణగా తీసుకుందాం. ఇది చదివాక, మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఎందుకు పనిచేస్తుందో మీరే వివరించగలుగుతారు.

చిన్నపేగు సుమారు 6 మీటర్ల పొడవైన గొట్టం. దాని గోడను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే నాలుగు రకాల కణజాలాలూ ఒకేచోట కనిపిస్తాయి. ఆహారం తగిలే లోపలి వైపున స్తంభాకార ఉపకళా కణాలు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. వాటి కింద రక్తనాళాలతో నిండిన సంయోజక కణజాలం ఉంటుంది. దానికి వెలుపల నునుపు కండరాలు రెండు పొరలుగా ఉంటాయి. లోపలి పొర వలయంగా, బయటి పొర నిలువుగా అమరి ఉంటుంది. ఈ రెండు పొరల మధ్య నాడీకణాల వల ఉంటుంది. కండరాలు ఆహారాన్ని కలిపి ముందుకు నెడతాయి, నాడులు ఆ కదలికను క్రమబద్ధం చేస్తాయి, శోషించిన పోషకాలను రక్తం మోసుకుపోతుంది. శోషణ మాత్రం ఉపకళా కణాల పని.

లోపలి తలం నున్నగా ఉండదు. ముడతలు, ముడతల మీద ఆంత్రచూషకాలు, వాటిపై ఉన్న ప్రతి శోషక కణం మీద సూక్ష్మచూషకాలు ఉండటం వల్ల శోషణ తలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ వైశాల్యం టెన్నిస్ కోర్టు అంత ఉంటుందని పాత పాఠ్యపుస్తకాల్లో చదివి ఉంటారు. ఇటీవలి కొలతల ప్రకారం అది సుమారు 30 చదరపు మీటర్లే. అది కూడా తక్కువేమీ కాదు. ఆంత్రచూషకాల మొదళ్ల దగ్గరి గుంటల్లో పుట్టిన కణాలు పైకి జరుగుతూ వెళ్లి, మూడు నుంచి ఐదు రోజుల్లో కొస నుంచి రాలిపోతాయి.

ఇప్పుడు ఒక్క శోషక కణాన్ని చూద్దాం. రక్తం వైపు ఉన్న త్వచంలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. అది ఏటీపీ శక్తితో సోడియాన్ని బయటకు తోడుతూ ఉంటుంది. (ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) అందువల్ల కణంలో సోడియం తక్కువగా ఉంటుంది. పేగులోని సోడియం లోపలికి రావడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ వైపు త్వచంలో ఉన్న ఒక వాహక ప్రోటీన్, రెండు సోడియం అయాన్లూ ఒక గ్లూకోజ్ అణువూ కలిసి వస్తేనే వాటిని లోపలికి చేరవేస్తుంది. వాటి వెనకే ద్రవాభిసరణ వల్ల నీరు వస్తుంది. సోడియం, గ్లూకోజ్ ఇలా జంటగా ప్రవేశిస్తాయని 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు.

మనం తాగే నీరూ, లాలాజలం మొదలుకొని శరీరం స్రవించే జీర్ణరసాలూ కలిపి రోజుకు దాదాపు 9 లీటర్ల ద్రవం పేగులోకి చేరుతుంది. మలంతో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. కలరాలో ఈ లెక్క తలకిందులవుతుంది. కలరా విషం ఉపకళా కణాల నుంచి క్లోరైడ్‌ను ఆగకుండా పేగులోకి వదిలేలా చేస్తుంది. దాని వెంట సోడియం, నీరు పోతాయి. తీవ్రమైన కలరాలో పెద్దవారు గంటకు ఒక లీటరు దాకా నీరు కోల్పోవచ్చు. రక్త పరిమాణం పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది, నాడి బలహీనపడుతుంది. అంటే జీర్ణవ్యవస్థలోని కణాల త్వచంలో మొదలైన లోపం ప్రసరణ, విసర్జక వ్యవస్థలను దెబ్బతీస్తుంది.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటుంది. కలరా విషం ఆ జంట వాహకాన్ని పాడుచేయదు. ఉప్పునీరు మాత్రమే తాగిస్తే పెద్దగా లాభం ఉండదు. తగు పాళ్లలో గ్లూకోజ్ కలిపితే సోడియం, దాని వెనక నీరు లోపలికి వెళతాయి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల్లో కలరా వ్యాపించింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాల రేటు అక్కడ 3.6 శాతానికి తగ్గింది.

నేటి ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉంటాయి. ఈ పాళ్లు ముఖ్యం. చక్కెర మరీ ఎక్కువైతే ద్రవాభిసరణ ఎదురు తిరిగి నీరు పేగులోకే వస్తుంది. అందుకే విరేచనాలప్పుడు కూల్‌డ్రింకులు పనికిరావు. పొట్లం మీద 200 మిల్లీలీటర్లకా, లీటరుకా అన్నది చదివాకే కలపండి. ఉప్పు వేసిన గంజి ఇచ్చే మన ఇళ్ల అలవాటుకూ ఇదే ఆధారం: గంజిలోని పిండిపదార్థం పేగులో గ్లూకోజ్‌గా విడిపోతుంది. ఓఆర్ఎస్ విరేచనాలను వెంటనే ఆపదు; పోయిన నీటిని, లవణాలను భర్తీ చేస్తుంది. తాగలేని స్థితిలో ఉన్న రోగికి రక్తనాళం ద్వారా ద్రవం ఎక్కించాల్సిందే, ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: శోషక కణంలో ఏటీపీ ఉత్పత్తి ఆగిపోతే ఓఆర్ఎస్ పనిచేస్తుందా? కారణంతో నాలుగు వాక్యాల్లో రాయండి.