మీకు తెలుసా? యెరూషలేము కంటే ముందు షిలోహు

సొలొమోను యెరూషలేములో ఆలయం కట్టించక ముందు ఇశ్రాయేలీయుల పెద్ద ఆరాధన స్థలం షిలోహు. యెహోషువ కాలంలో ప్రత్యక్షపు గుడారాన్ని అక్కడే నిలిపారని బైబిలు చెబుతుంది. గోత్రాలకు చీట్లు వేసి భూమి పంచిందీ, బిడ్డ కోసం హన్నా కన్నీళ్లతో మొక్కుకున్నదీ అక్కడే. ఆ మొక్కుకు పుట్టినవాడే సమూయేలు ప్రవక్త. కింద రాతి గోడలు, పైన తెరలు: యూదుల మిష్నా వర్ణించిన షిలోహు మందిరం ఇది. గుడికీ గుడారానికీ మధ్యరకం అన్నమాట!

షిలోహు నుంచి యుద్ధానికి మోసుకెళ్లిన మందసాన్ని (దేవుడి నిబంధన పెట్టెను) ఫిలిష్తీయులు పట్టుకుపోయారు. క్రీ.పూ. 11వ శతాబ్దంలో ఊరు కాలిపోయిన ఆనవాళ్లు తవ్వకాల్లో దొరికాయి. యెరూషలేములో దేవుడి మందిరం ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లను తర్వాత యిర్మీయా ప్రవక్త హెచ్చరించింది ఈ షిలోహును చూపించే.

షిలోహు ఉన్నది ఎఫ్రాయిము గోత్రపు సీమలో. ఇక మన దగ్గర, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము ఆ గోత్రం వాళ్లమేనని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. పేరు బెనె ఎఫ్రాయిమ్. ఈ వంశావళికి చారిత్రక ఆధారాలు లేవుగానీ, 1991లో వాళ్లు పెట్టుకున్న సినగాగ్ మాత్రం ఉంది. శనివారం విశ్రాంతి దినం, ఇంట్లో మాట తెలుగు.