కంపెనీ లెక్కల్లో లాభం నికరమైనదేనా?

యార్డుకు వచ్చిన మిర్చి నాణ్యతను బస్తా విప్పి చూసి తేల్చవచ్చు. కంపెనీ లాభం నాణ్యత అలా పైకి తెలియదు. పత్రికలలో అచ్చయ్యే ఫలితాల ప్రకటనలో నికర లాభం ఒక్క అంకెగానే కనిపిస్తుంది. అందులో వసూలైనదెంత, కాగితం మీద రాసుకున్నదెంత అన్నది వాటాదారుడే వెతుక్కోవాలి.

చక్కెర మిల్లులకు మార్చి 31 నాటికి గోదాములు నిండి ఉంటాయి. లక్ష క్వింటాళ్ల నిల్వకు క్వింటాలుకు రూ.100 ఎక్కువ విలువ కడితే చాలు, ఒక్క బస్తా అమ్మకుండానే లాభం కోటి రూపాయలు పెరుగుతుంది. మరుసటి ఏడాది ప్రారంభ నిల్వ కూడా ఆ మేరకు పెరుగుతుంది కనుక అప్పటి లాభం తరుగుతుంది. అయిన ఖర్చు, అమ్మితే చేతికి వచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే వేయాలన్న నియమం ఇందుకే పెట్టారు. నిల్వలలో పదిశాతం, అంతకు మించి తేడా కనిపించిందా, బ్యాంకుకు ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంట్లు ఖాతా పుస్తకాలతో సరిపోయాయా అన్నది ఆడిటర్లు తమ నివేదికలో చెప్పాలని 2020 నాటి ఉత్తర్వు నిర్దేశించింది. ఆడిటరు నివేదికకు అనుబంధంగా వచ్చే ఈ పేజీలను చాలామంది తిప్పేస్తారు. అసలు సరుకు అక్కడే ఉంటుంది.

లాభం ఏటా పెరుగుతూ, వ్యాపారం ద్వారా వచ్చిన నగదు మాత్రం పెరగకపోతే అనుమానించవలసిందే. అరువు అమ్మకాలైనా పెరిగి ఉండాలి, నిల్వలైనా పేరుకుని ఉండాలి. లిస్టయిన కంపెనీలు నగదు రాకపోకల పట్టికను 2019 నుంచి ఆరు నెలలకొకసారి ఇస్తున్నాయి.

అయితే ఈ పట్టిక ఒక్కటే చూసి ధీమా పడరాదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతంలో అబద్ధమైనది నగదే. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు డైరెక్టర్లకు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లు. అందులో రూ.5,040 కోట్లు లేనే లేవు. ఆ లేని డబ్బుపై రావలసిన వడ్డీ అంటూ మరో రూ.376 కోట్లు రాశారు!

ఆ త్రైమాసికపు అంకెలు ఇంకా విడ్డూరం. రాబడి రూ.2,700 కోట్లు, నిర్వహణ లాభం రూ.649 కోట్లు అని ప్రకటించారు. నిజానికి రాబడి రూ.2,112 కోట్లు, లాభం రూ.61 కోట్లు. రెండు చోట్లా తేడా రూ.588 కోట్లే. జరగని అమ్మకానికి జీతాలూ ఖర్చులూ ఉండవు కనుక, కల్పించిన రాబడి అంతా లాభంలోకి దిగింది. నూటికి మూడు రూపాయలు మిగిలే వ్యాపారం నూటికి ఇరవైనాలుగు మిగిలేదిగా కనిపించింది. లేఖ బయటపడిన రోజున సుమారు రూ.179 ఉన్న షేరు రూ.40కి పడిపోయింది. అంతకుముందు రోజు దాకా దానిని భద్రమైన మదుపుగా దాచుకున్నవారి సొమ్ములో మూడొంతులకు పైగా ఒక్కపూటలో హరించుకుపోయింది.

ఇంత నగదు చేతిలో ఉన్న కంపెనీ డివిడెండు ఎందుకు పెంచదు, దానిపై వడ్డీ నిజంగా వసూలవుతోందా, లేక ఏటా రావలసిన బాకీల కింద పేరుకుంటోందా అని సర్వసభ్య సమావేశంలో ఎవరైనా అడగవచ్చు. బ్యాంకు నిల్వల ధ్రువీకరణను ఆడిటర్లు నేరుగా బ్యాంకు నుంచి తెప్పించుకోవాలి. సత్యం విషయంలో ఆ పని కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీల కమిషన్ 2011 ఏప్రిల్‌లో తప్పుపట్టి, ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా విధించింది.