‘ఇలా ఇవ్వు నాన్నా, నేను చేసేస్తా!’

ఈ మాట మీరు ఇంట్లో ఎన్నిసార్లు అని ఉంటారు? నేనైతే లెక్కలేనన్ని సార్లు అన్నాను. కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టికెట్ తియ్యాలన్నా నాన్న ఫోన్ పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. నేను అది లాక్కుని, టకటకా నాలుగు నొక్కులు నొక్కి తిరిగిచ్చేసేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నా. ఆ సాయం ఖరీదు 18 వేల రూపాయలని కిందటేడాది నవంబరులో తెలిసింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో ‘బతికే ఉన్నాం’ అని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక అది ఆన్‌లైన్‌లోనే ఇచ్చేయొచ్చు. 2021 నుంచి వేలిముద్ర మెషీన్ కూడా అక్కర్లేదు, ఫోన్ కెమెరాకి ముఖం చూపిస్తే చాలు. ఉద్యోగం హైదరాబాద్‌లో కాబట్టి, ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పని నేనే చకచకా చేసేసేదాన్ని. ఎలా చేశానో ఆయన అడగలేదు, నేను చూపించలేదు.

కిందటేడాది నాకు సెలవు దొరకలేదు. సరిగ్గా ఆ వారంలోనే నాన్నకి ఎవరో ఫోన్ చేశారు. ‘‘మీ లైఫ్ సర్టిఫికెట్ రాలేదండీ. ఈ రోజు చెయ్యకపోతే పింఛను ఆగిపోతుంది. కంగారు పడకండి, నేను చేసి పెడతా’’ అన్నాడట. కార్డు మీది నంబర్లు అడిగాడు, తర్వాత ఓటీపీ. నాన్న చెప్పేశారు.

ఆ సంగతి నాకు చెప్పింది మర్నాడు సాయంత్రం. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం. ఇలాంటి మోసాల్లో ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మాకు అప్పటికే ఆలస్యమైపోయింది. ‘‘వాడికి చెప్పేముందు నాకొక్క ఫోన్ చెయ్యొచ్చు కదా నాన్నా!’’ అని అరిచా. ఆయన మెల్లగా అన్నారు: ‘‘పనిలో ఉంటావు... మళ్ళీ విసుక్కుంటావని...’’

నాకింక మాట రాలేదు. ఆ మోసగాడు ‘అండీ’ అంటూ ఓపిగ్గా మాట్లాడాడు. నేనెప్పుడూ అలా మాట్లాడలేదు.

పెన్ను ఎవరి చేతిలో ఉంది?

సంక్రాంతికి నా పాత లాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్ళా. మొదటిరోజే మళ్ళీ అదే తంతు. ‘‘ఇక్కడ డబుల్ క్లిక్... అబ్బా, అది కాదు!’’ అంటూ మౌస్ లాక్కున్నా. నాన్న కుర్చీ వెనక్కి జరిపారు.

‘‘అమ్మాయ్, వేలిముద్ర వేసే ఆడవాళ్ళకి నేను సంతకం ఎలా నేర్పేవాణ్ణో తెలుసా? పాత ఫారాల వెనక రాయించేవాణ్ణి. అరగంట పట్టినా సరే, పెన్ను మాత్రం వాళ్ళ చేతిలోంచి తీసుకునేవాణ్ణి కాదు. తీసుకుంటే అది నా సంతకం అయిపోతుంది.’’

మర్నాటి నుంచి చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నా.

పేకాటతో శ్రీకారం

మా మొదటి పాఠం సాలిటైర్! విండోస్‌లో 1990 నుంచీ ఉన్న ఆట ఇది. జనానికి మౌస్ అలవాటు కావడానికి బాగా ఉపయోగపడిందని చెబుతారు. పేకముక్క పట్టుకోవాలి, లాగాలి, సరైన చోట వదలాలి. నాన్నకి పేక కొత్త కాదు, మౌసే కొత్త. మూడోరోజుకి బాణం గుర్తు ఆయన చెప్పినట్టు వినడం మొదలెట్టింది.

తర్వాత మాకు బాగా పనికొచ్చినవి ఇవీ:

• రోజుకి ఒక్క పనే. ఈ రోజు ఫొటో తెరవడం, రేపు దాన్ని పంపడం. నిన్నటిది ఆయనంతట ఆయన చేశాకే కొత్తది.

• నోట్‌బుక్ ఆయనదే, మాటలూ ఆయనవే. ‘డౌన్‌లోడ్’ పక్కన ‘మన పెట్టెలోకి దించుకొనుట’ అని రాసుకున్నారు. నవ్వొచ్చింది కానీ దిద్దలేదు.

• అక్షరాలు, బాణం గుర్తు పెద్దవి చేశాం. మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగం తగ్గించాం. ఇన్నాళ్ళూ ఆయనకి చేతకావట్లేదనుకున్నా. వేలికి ఆ వేగం అందట్లేదంతే.

• ‘ఏదైనా నొక్కితే పాడైపోతుందేమో’ అన్నదే పెద్దల అసలు భయం. అందుకే కావాలనే రాసింది చెరిపేసి, కంట్రోల్ జెడ్ నొక్కి మళ్ళీ తెప్పించా. ఆ రోజు ఆయన ముఖం చూడాలి!

• గోడ మీద రెండే రెండు వాక్యాలు అతికించాం: ‘ఓటీపీ ఎవరికీ చెప్పను. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు.’

బయట నేర్పేవాళ్ళు లేరా అంటారేమో. పల్లెల్లో డిజిటల్ అక్షరాస్యత కోసం కేంద్రం 2017లో పీఎంజీదిశ తెచ్చింది. ఇంటికి ఒకరికి 20 గంటల శిక్షణ. కానీ వయసు 14 నుంచి 60 మధ్యే ఉండాలన్నారు. నాన్న రిటైరైంది సరిగ్గా అరవైలో! అందుకే ఇలాంటివాళ్ళకి చాలాసార్లు ఇల్లే బడి, మనమే పంతుళ్ళం.

మొన్న నవంబరులో నేను ఊరెళ్ళలేదు, కావాలనే. వసారాలో వెలుతురు చూసుకుని కూర్చుని, నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని, కెమెరా ముందు కళ్ళు ఆర్పుతూ మూడోసారికి సాధించారట. రాత్రి ఆయనే తెలుగులో టైపు చేసిన మెసేజ్ వచ్చింది: ‘బతికే ఉన్నాను. ప్రమాణ్ నంబరు వచ్చింది. నువ్వు అన్నం తిన్నావా?’

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకో నాన్నకో తాతయ్యకో ఒక పని నేర్పండి. ఒక్కటి చాలు. మీ చేతులు మాత్రం వెనక్కి కట్టుకోండి.