పనివాడు నిలుచు ఇల్లు



ప్రొద్దుటూరి అంగళ్లలోను, జమ్మలమడుగు మగ్గముల యిండ్లలోను, పులివెందుల చీనీతోటలలోను నేనెక్కడికి బోయినను నేడొక్క మాటయే వినబడుచున్నది: "పనివారు దొరకరు, దొరికినను నిలువరు." ఇందు దొరకకపోవుటకు కాలము కారణము. నిలువకపోవుటకు మాత్రము పెక్కుసార్లు మనమే కారణము. ఈ రెండవదానిని గూర్చియే నేడు కొంత మనవి చేసెదను.

మా చిన్ననాట జీతగాడు ఉగాదికి కుదిరి మఱుసటి ఉగాది వఱకు ఒక్క యింటనే పనిచేయుచుండెను. కొన్ని బస్తాల జొన్నలు, ఒక కంబళి, ఒక జత చెప్పులు, ఇదియే ఒడంబడిక. అప్పు తీరనిదే గడప దాటరాదనుట వ్రాయని కట్టుబాటు. 1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఆ కట్టుబాటును త్రెంచి, వెట్టికి మూలమైన అప్పులను సైతము రద్దుచేసెను. 2005లో వచ్చిన ఉపాధిహామీ చట్టము గ్రామములోని కుటుంబమునకు ఏటికి 100 దినముల పనిని వాగ్దానము చేసెను. ఎఱ్ఱగుంట్ల వైపు నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారములు, బెంగుళూరి కట్టడపు పనులు, కువైటు ప్రయాణములు, ఇన్ని వాకిండ్లు తెఱచుకొన్నవి. ఇది పనివానికి మేలే గాని కీడు గాదు. వాడు పోగలిగియు మన యింట నుండుటకు తగిన కారణము మనము కల్పింపవలసి యున్నది.

నా తప్పునే ముందుగా చెప్పుకొందును. ఇరువది యేండ్ల క్రిందట నా పొలమున నొక సేద్యగాడు తొమ్మిదేండ్లు పనిచేసెను. ఎద్దుల నడకను బట్టి వాని రోగము చెప్పగలవాడు. నేల పదును కాలితో త్రొక్కి తెలిసికొనగలవాడు. ఒక యేడు జీతము కొంత పెంచుమని యడిగెను. నేను పెంచుట మాని, వాని కూతురి పెండ్లికి నేనిచ్చిన అప్పును జ్ఞాపకము చేసితిని. వెట్టిచాకిరి చట్టమును బడిలో పిల్లలకు పాఠముగా చెప్పిన నోటితోనే ఆ మాట నంటిని! వాడు మాఱుపలుకలేదు. ఉగాదినాడు అప్పు పైకముతో సహా నా చేతిలో బెట్టి నాపరాతి పనికి వెళ్లిపోయెను.

ఆ యేడు ముగ్గురు మాఱిరి. ఒకని యజాగ్రత్తవలన ఎద్దు కుంటుపడెను. వేరుసెనగ విత్తు పదును దప్పిన తరువాత నేలబడెను. లెక్క చూచుకొనగా, వాడడిగిన పెంపునకు నాలుగింతలు నష్టమైనది. కొంతకాలమునకు సంతలో వాడు కనబడగా, ఏల పోతివని యడిగితిని. "అయ్యవారూ, జీతం తక్కువైనా ఉందును. అప్పు గుర్తుజేస్తిరి సూడండి, ఆ పొద్దే మనసిరిగిపాయ" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

అప్పుతో మనిషిని కట్టివేయుట క్రొత్త విద్య గాదు. 1800 మొదలు 1807 వఱకు మన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో దొర, 1813లో బ్రిటిషు పార్లమెంటువారి విచారణలో సాక్ష్యమిచ్చుచు, సేలము వైపు బారామహలులో కుంఫిణీ ఉద్యోగులు సాలెపెద్దలను గూర్చి కావలి పెట్టి, కుంఫిణీకి తప్ప నేయమని యొప్పుకొనువఱకు విడువలేదని చెప్పెను. కావలి పెట్టి నేయించిన చేతికిని, ఇష్టముతో నేసిన చేతికిని ఎంత వ్యత్యాసము గలదో మగ్గమెఱిగినవారికి చెప్ప నక్కఱలేదు.

పోయిన పనివాని వెల యెంతయో ఒక పెద్ద కర్మాగారపు లెక్క వలన తెలియును. అమెరికాలో మోటారుకార్లు చేయు ఫోర్డు 1913లో సుమారు 14,000 మందిని నిలుపుకొనుటకు 52,000 మందికి పైగా చేర్చుకొనవలసి వచ్చెను. వచ్చినవారు వచ్చినట్లే పోవుచుండిరి. 1914 జనవరిలో ఆయన తొమ్మిది గంటల పనిని ఎనిమిదికి దించి, దినమునకు 5 డాలర్ల వఱకు వేతనము ప్రకటించెను. అది మునుపటికి ఇంచుమించు రెట్టింపు. పనివారు నిలిచిరి, ఫోర్డు వ్యాపారమును వర్ధిల్లెను. ఇది దానము గాదు, లెక్క.

మన మగ్గములకు ఈ లెక్క మఱింత చెల్లును. సాలెవాడొక్కడు పోయిన, కండెలు చుట్టు భార్యయు, సాయపడు పిల్లవాడును వానితో పోవుదురు. వానకాలమున మగ్గపు గుంటలో చెమ్మ యూరును. వీధిలో పడుగు చాచుటకు ఎండ యుండదు. అట్టి నెలలలో సాహుకారు చేయి విడిచినయెడల, ఎండలు వచ్చిన పిదప సాలెవాడేల మరలి రావలెను? పని లేనినాడు ఆదుకొన్నవానినే పని యున్ననాడు మనిషి తలచును.

మన శాస్త్రకారులు దీనిని ముందే గుర్తించిరి. రోగముచే పని నిలిపినవాడు కోలుకొని, తాను మొదట చెప్పినట్లు పూర్తిచేసినయెడల, ఎంత కాలము గడచినను వేతనము పొందవలెనని మనువు చెప్పెను. జీతము ముందు మాటాడుకొననిచో సేద్యగానికి పంటలో పదియవవంతు చెందునని కౌటిల్యుని మతము. రాజసేవలో మరణించినవాని భార్యాపుత్రులకు గ్రాసవేతనము లీయవలెననియు ఆయనయే విధించెను.

ఇక నొక చిక్కు. పనులు ముమ్మరమైన వేళ క్రొత్తవానిని ఎక్కువ కూలికి తెచ్చుకొందుము. పదేండ్లుగా నున్నవాడు ఆ సంగతి టీ అంగడిలో వినును. వాడు నోరు విప్పడు, ఉగాదికి వెళ్లిపోవును. కావున క్రొత్తవానికి పెంచుటకు ముందే పాతవానికి పెంచుడు. అంత శక్తి లేనిచో ఉన్నమాట వానికి చెప్పి, పంట చేతికి వచ్చిన పిమ్మట నిచ్చెదనని గడువు చెప్పుడు. చెప్పిన గడువు తప్పకుడు. అప్పిచ్చితిరా, దానిని జీతపు మాటలో కలుపకుడు. జీతము చెప్పిన దినముననే యిండు. వాని పేరు పెట్టి పిలువుడు.

ఇన్ని చేసినను కొందఱు పోవుదురు. ఎక్కువ సంపాదనకు, బిడ్డల చదువునకు పోవువానిని నిందింపక, బాకీ లేకుండ లెక్క తీర్చి, మంచి మాట చెప్పి పంపుడు. అట్లు పోయినవాడే మఱొక మంచివానిని మీ యింటికి పంపును; ఒక్కొక్కప్పుడు తానే తిరిగి వచ్చును. నా సేద్యగాడు తిరిగి రాలేదు. రమ్మని పిలుచుటకు నాకు మొగము చెల్లలేదు. మీకట్టి దినము రాకుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.