బ్యాండుమేళంలో ఆ నల్ల గొట్టం సన్నాయేనా?

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు ఊదే నల్ల గొట్టం సన్నాయేనా? ఒకాయన చేతిలో పొట్టిది, ఇంకొకాయన చేతిలో పొడుగుది ఎందుకు?
– చిలమకూరు నుంచి ఒక పాప

దూరం నుంచి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది పాపా. కానీ అది క్లారినెట్. వాయించేవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు మూతి దగ్గర చూడు. సన్నాయి పీకకు రెండు రేకులుంటాయి. రెండూ పెదవుల మధ్య అదురుతాయి. క్లారినెట్ మూతి నల్లటి గట్టి ముక్క. దాని అడుగున ఒకటే రేకు బిగించి ఉంటుంది. దాన్నే రీడు అంటారు.

ఇక గొట్టం. సన్నాయి లోపల పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. క్లారినెట్ లోపలి బెజ్జం మాత్రం చాలా దూరం ఒకే వెడల్పుగా పోయి, చివర్లోనే విచ్చుకుంటుంది. దీనివల్ల ఏమవుతుందో నువ్వే చూడొచ్చు. కరెంటు వైరింగుకు వాడే ప్లాస్టిక్ పైపు ముక్క జానెడు తీసుకుని, అంచు మీదుగా ఊదు. కింది కొసను అరచేత్తో మూసి మళ్లీ ఊదు. శబ్దం దాదాపు ఒక స్థాయి కిందికి, అంటే పై 'స' నుంచి కింది 'స'కు దిగిపోతుంది. ఎందుకంటే రెండు కొసలూ తెరిచి ఉన్న గొట్టంలో అదురు ఒకసారి పోయి వస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక కొస మూస్తే రెండుసార్లు పోయి రావాలి. గొట్టం రెట్టింపు పొడుగైనట్టే కదా! క్లారినెట్‌లో రీడున్న కొస మూసినట్టే లెక్క. అందుకే రెండడుగుల పైచిలుకు గొట్టంలోంచి అంత లోతైన నాదం వస్తుంది.

ఇంకో చిత్రం ఉంది. సన్నాయిలో ఊపిరి బిగించి ఊదితే 'స' కాస్తా పై 'స' అవుతుంది. క్లారినెట్‌లో వెనకున్న మీటను ఎడమ బొటనవేలితో నొక్కితే అది పై 'స' దాటి ఆ మీది 'ప'కు ఎగురుతుంది. మధ్యలో మిగిలిన స్వరాలన్నీ ఎక్కడో ఒకచోట పలకాలి కదా. ఒంటినిండా అన్ని మీటలు అందుకే.

పొట్టి, పొడుగుల సంగతి ఇప్పుడు తేలిక. గొట్టం పొట్టిదైతే అదురు తొందరగా తిరిగొస్తుంది, స్వరం పైకి పోతుంది. ఎక్కువగా కనిపించే బి-ఫ్లాట్ క్లారినెట్ సుమారు 66 సెంటీమీటర్లు. ఇ-ఫ్లాట్ అంతకంటే దాదాపు జానెడు తక్కువ. గొంతు కీచుగా ఉంటుంది, డప్పుల హోరులోనూ వినిపిస్తుంది. నువ్వు చూసిన పొట్టిది అదే కావచ్చు. వేళ్ల పని రెండింటికీ ఒకటే. బేస్ క్లారినెట్ అని ఇంకోటుంది, దాని మెడ, అడుగు వంకర తిరిగి ఉంటాయి. దాన్ని చూసి శాక్సఫోన్ అనుకునేవాళ్లున్నారు. శాక్సఫోన్‌కూ ఒకే రీడు, కానీ అది ఇత్తడిది, గొట్టం సన్నాయిలా కిందికి వెడల్పవుతుంది.

సుమారు 1700లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో డెన్నర్ అనే ఆయన క్లారినెట్‌ను తయారుచేశాడంటారు. అప్పట్లో రెండే మీటలు. తర్వాత మీటల అమరిక రకరకాలుగా పెరిగింది. పారిస్‌లో 1840 ప్రాంతంలో వచ్చిన బోయెమ్ పద్ధతిలో మామూలుగా 17 మీటలుంటాయి, వెనక బొటనవేలి రంధ్రం చుట్టూ లోహపు రింగు కూడా ఉంటుంది. బ్రస్సెల్స్ నుంచి వచ్చిన ఆల్బర్ట్ పద్ధతిలో మీటలు తక్కువ, వెనక ఆ రింగు సాధారణంగా ఉండదు. వేలి కింద లోహం తక్కువైతే రంధ్రాన్ని సగం మూసి, స్వరాన్ని ఊగించే గమకం పలికించడానికి వీలు ఎక్కువని నాకనిపిస్తుంది. తిరుచిరాపల్లి ఎ.కె.సి. నటరాజన్ గారు ఈ బ్యాండు వాద్యం మీదే కర్ణాటక కచేరీలు చేసి, 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన సన్నాయి కూడా నేర్చుకున్నవారే.