ఏ కెమెరా కాదు, ఏ ఫోటో?

"అన్నా, ఏ కెమెరా కొనమంటావ్?"

సెమిస్టర్‌కి కనీసం ముగ్గురు జూనియర్లు నన్ను ఈ మాట అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ఏం తీద్దామని?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. అది తేలకుండా కొన్న కెమెరా నాలుగు నెలలు మెడలో, తర్వాత నాలుగేళ్ళు బీరువాలో ఉంటుంది. మనలో చాలామందికి ఆ డబ్బు ధాన్యం అమ్మిన సొమ్ములోంచో, నాన్న తెచ్చిన చేబదులులోంచో వస్తుంది. రెండోసారి అడగలేం. అందుకే ఆ ఒక్కసారీ ఎలా ఖర్చుపెట్టాలో మన ఊళ్ళ లెక్కలోనే చెప్తాను.

కెమెరా అంటే రెండు వస్తువులు: బాడీ, లెన్సు. షాపులో అందరూ బాడీ గురించి, మెగాపిక్సెళ్ళ గురించే మాట్లాడతారు. నికాన్ డీ3500 అయినా, కెనాన్ 1500డీ అయినా 24 మెగాపిక్సెళ్ళే. మంచి ఏ4 ప్రింటుకి తొమ్మిది చాలు. రెండింట్లోనూ ఉన్నది ఏపీఎస్-సీ అనే సైజు సెన్సరు, వెడల్పు దాదాపు 23 ఎంఎం. కాబట్టి మనం బుర్ర పెట్టాల్సింది లెన్సు మీద.

లెన్సు మీద రెండు అంకెలు చూడండి. మొదటిది ఫోకల్ లెంగ్త్. సెన్సరు వెడల్పుని దాంతో భాగించి, మనకీ వస్తువుకీ ఉన్న దూరంతో గుణిస్తే ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. పదో తరగతి సరూప త్రిభుజాలే, కొత్తేం కాదు. మూడు మీటర్ల దూరం నుంచి 18 ఎంఎం లెన్సులో దాదాపు నాలుగు మీటర్లు పడుతుంది, 35లో రెండు మీటర్లు, 50లో ఒకటిన్నర లోపు. రెండో అంకె ఎఫ్ నంబరు. ఇది ఎంత చిన్నదైతే లెన్సు లోపలి కన్నం అంత పెద్దది. లోపలికొచ్చే వెలుగు ఆ నంబరు వర్గానికి విలోమంగా మారుతుంది.

ఇప్పుడు ఈ రెండంకెలూ పట్టుకుని బయల్దేరదాం.

బందరు నుంచి గుడివాడ రైలెక్కితే దారిలో పెడన. కలంకారీ అద్దకం షెడ్లలో వెలుగు పక్కనుంచే వస్తుంది. పనిచేసే ఆయన చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. మనకి కావాల్సింది ఆ గుద్దే. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సు 35 ఎంఎం దగ్గర ఎఫ్ 4.5 వరకే తెరుచుకుంటుంది. ఆ వెలుగులో సెకనులో 20వ వంతు షట్టర్ కావాల్సొచ్చిందనుకోండి, చెయ్యి మసకగా పడుతుంది. అదే చోట 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు పెడితే 4.5ని 1.8తో భాగించి వర్గం చేస్తే 6.25. అంటే ఆరు రెట్లకి పైగా వెలుగు. షట్టర్ 125వ వంతుకి దిగుతుంది, చెయ్యి స్పష్టంగా వస్తుంది. "నా లెన్సులో స్టెబిలైజేషన్ ఉందిగా" అంటారు కొందరు. అది మన చేతి వణుకుని ఆపుతుంది గానీ ఎదుటివాళ్ళ చేతి కదలికని ఆపలేదు. ఐఎస్ఓ పెంచి నెట్టుకురావచ్చు, కాకపోతే ఫోటోలో ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. అన్నట్టు, షెడ్డులోకి వెళ్ళగానే కెమెరా ఎత్తకండి. అది వాళ్ళ పనిచోటు. ముందు అడగండి.

గుడివాడ దాటి భీమవరం వైపు వెళ్తే కైకలూరు, ఆ పక్కనే ఆటపాక. కొల్లేటి గూడబాతులు, అదే పెలికాన్లు, కనిపించేది ఇక్కడే. ఇక్కడ సమస్య వెలుగు కాదు, దూరం. యాభై మీటర్ల నుంచి కిట్ లెన్సుని 55 దాకా లాగినా ఫ్రేములో ఇరవై మీటర్లకి పైగా పడుతుంది. నాలుగైదు అడుగుల పక్షి అందులో ఓ చుక్క. 300 ఎంఎం అయితే నాలుగు మీటర్లే పడుతుంది, పక్షి ఫ్రేములో మూడో వంతు ఆక్రమిస్తుంది. కెనాన్‌లో 55-250, నికాన్‌లో 70-300 ఇందుకు సరిపోతాయి. పొద్దుటి ఎండలో ఎఫ్ 6.3 ఉన్నా ఇబ్బంది లేదు, షట్టర్ మాత్రం 500వ వంతుకి తగ్గనివ్వకండి. అయితే కొనేముందు ఒక ప్రశ్న: ఏడాదిలో ఆటపాకకి ఎన్నిసార్లు వెళ్తారు? రెండుసార్లే అయితే అద్దెకో, సీనియర్ దగ్గర అరువుకో తీసుకోండి.

ఇక దివిసీమ. అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి వెళ్తే కృష్ణ సముద్రంలో కలిసేచోటు. నది, మడ అడవి, ఆకాశం అన్నీ పెద్దవే. అక్కడ కిట్ లెన్సు 18 ఎంఎం, ఎఫ్ 8 చాలు. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. గాలిలో ఉప్పూ ఇసకా ఉంటాయి కాబట్టి ఒడ్డున లెన్సు మార్చొద్దు. ఇంటికొచ్చాక కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో బాడీ తుడవండి. మన డెల్టా తేమకి లెన్సు లోపల బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

నా సలహా ఇది. బడ్జెట్ తక్కువైతే సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, కిట్ లెన్సు, ఒక ఎఫ్ 1.8 లెన్సు. కంపెనీలు కొత్త లెన్సులు మిర్రర్‌లెస్‌కే తెస్తున్నాయి, నిజమే. డబ్బుంటే అదే కొనండి. కానీ మిర్రర్‌లెస్ బాడీతోనే డబ్బంతా అయిపోయేటట్టయితే, పాత బాడీ మీద మంచి లెన్సే మేలు. పాతది కొనేటప్పుడు టార్చి వేసి లెన్సు లోపల సాలెగూడులా బూజు ఉందేమో చూడండి, షట్టర్ కౌంట్ అడగండి. నికాన్ 3000, 5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. వాటికి ఏఎఫ్-డీ లెన్సు చవగ్గా దొరికిందని తెస్తే ఆటోఫోకస్ పనిచేయదు, ఏఎఫ్-ఎస్ అని ఉన్నది తీసుకోండి. కెనాన్‌లో చవకైనది 50 ఎంఎం ఎఫ్ 1.8. ముఖాలకి బాగుంటుంది, ఇరుకు గదిలో మాత్రం గోడకి ఆనుకోవాలి.

ఎఫ్ 1.8 కోసం నేనింత పట్టుబట్టడానికి పెడన ఒక్కటే కారణం కాదు. మా నాయనమ్మది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబర్ 19 ఉప్పెనకి ముందు తీసిన ఫోటో ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. పెళ్ళి ఫోటో నీళ్ళలో పోయింది. వాళ్ళమ్మ ఎలా ఉండేదో ఆవిడ మాటల్లో వినడమే గానీ మేమెవరం చూడలేదు. ఆ తీరంలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇప్పుడు నాయనమ్మ సాయంత్రంపూట వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతుంటే ఫ్లాష్ వేయకుండా తీస్తాను. ఫ్లాష్ వెలిగితే పని ఆపేసి కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. ఆ వెలుగులో కిట్ లెన్సు చేతులెత్తేస్తుంది, 35 ఎంఎం ఎఫ్ 1.8 పట్టుకుంటుంది.

కొనేముందు మీ ఫోన్లో ఉన్న చివరి వంద ఫోటోలు తీసి లెక్కపెట్టండి. ఇంట్లో మనుషులెన్ని, పక్షులెన్ని, పొలాలెన్ని? ఎక్కువ ఏవుంటే ఆ లెన్సు మీది. కొన్నాక ప్రతి ఫోటో రెండు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. ఏడాదికి పదైనా ప్రింటు వేయించి ఇంట్లో ఇవ్వండి.